ట్యుటోరియల్స్ చూసి కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్చుకోవచ్చా?

మారతహళ్లి పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నానని, ఆరు నెలలుగా, గ్రాఫిక్స్ గీయడానికి వాడే ఓపెన్‌జీఎల్ ట్యుటోరియల్స్ చూస్తున్నా సొంతంగా ఏమీ రాయలేకపోతున్నానని అడిగారు.

తప్పకుండా నేర్చుకోవచ్చు. నేనూ బెంగళూరులోనే, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట అలాగే నేర్చుకున్నాను. కోడ్ కాపీ చేసి, బొమ్మ రాగానే తర్వాతి వీడియోకి వెళ్లిపోవడమే అసలు ఇబ్బంది.

లైటింగ్ పాఠమే తీసుకోండి. టేబుల్ ల్యాంప్ కింద తెల్లకాగితం పట్టుకోండి. కాంతికి ఎదురుగా ఉంటే బాగా వెలుగుతుంది. 60 డిగ్రీలు వాలిస్తే దాని మీద పడే వెలుగు సగమవుతుంది, 90 డిగ్రీలకి సున్నా. 1760లో లాంబర్ట్ చెప్పిన కొసైన్ సూత్రం ఇదే. షేడర్‌లో (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) నార్మల్‌కీ (ఉపరితలానికి లంబంగా ఉండే వెక్టర్) కాంతి దిశకీ డాట్ ప్రోడక్ట్ తీసేది ఇందుకే, రెండింటి పొడవూ 1 అయితే అది వాటి మధ్య కోణపు కొసైనే. ఇప్పుడు తక్కువ ట్రయాంగిల్స్ ఉన్న గోళం పెట్టి, ఒక్కో పిక్సెల్ రంగు లెక్కించే ఫ్రాగ్మెంట్ షేడర్‌లో నార్మల్‌ని నార్మలైజ్ చేసే (అంటే పొడవు 1కి తెచ్చే) లైను తీసేయండి. ఒక్కో ట్రయాంగిల్ మధ్యలో మసకబారుతుంది. మూడు మూలల నార్మల్స్‌ని కలిపి సగటు తీస్తే పొడవు 1 కంటే తగ్గిపోతుంది మరి. ఆ మసక ఎక్కడిదో పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఆ పాఠం మాత్రం మళ్లీ మర్చిపోలేదు.

వెక్టర్లు, మ్యాట్రిక్సులు ఇంటర్‌లో చదివినవే. పాత ఎంపీసీ పుస్తకాలుంటే ఊరి నుంచి తెప్పించుకోండి. ఇన్‌స్టలేషన్ టెన్షన్ వద్దనుకుంటే షేడర్లు రాసి చూసుకునే షేడర్‌టాయ్ వెబ్‌సైట్ ఉంది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. రోజుకి ఒక్క పాఠం చాలు. మర్నాడు వీడియో తెరవకుండా అదే మళ్లీ రాయండి, ఎక్కడ ఆగిపోతే ఆ ముక్క మాత్రమే చూడండి.