రోజుకి వంద బిట్లు చేస్తున్నా ఫిజిక్స్ మార్కులు కదలట్లేదు సార్!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎంసెట్ ఫిజిక్స్ గురించే. పేరు ఈఏపీసెట్ అయిపోయింది, ఆంధ్రాలో 2021లో, తెలంగాణలో 2024లో మార్చారు, అయినా మీరూ ఎంసెట్ అనే రాస్తున్నారు, నా నోటికీ అదే వస్తుంది కాబట్టి అలాగే కానిద్దాం. ఒకేలాంటివి పక్కన పెట్టి కొన్నిటికి జవాబులిస్తున్నా.

ప్రశ్న: సార్, నేను సెకండ్ ఇయర్ ఎంపీసీ. దసరా సెలవుల నుంచి రోజుకి వంద ఫిజిక్స్ బిట్లు చేస్తున్నా, బిట్ బ్యాంక్ రెండోసారి అవుతోంది. అయినా గ్రాండ్ టెస్టుల్లో 40కి 17, 18, ఒక్కసారి 19. మ్యాథ్స్‌లో 80కి 60 దాకా వస్తాయి. నా ఫ్రెండ్ నాకంటే తక్కువ చేస్తుంది, దానికి 30 వస్తున్నాయి. అమ్మేమో రోజుకి నూట యాభై చెయ్యమంటోంది. చెయ్యనా?
– ఓ విద్యార్థిని, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దమ్మా. నూట యాభై కాదు, నలభైకి దిగు. అమ్మకి నేను చెప్పానని చెప్పు, కోపం వస్తే నా మీద రానీ.

వంద బిట్లు ఎలా చేస్తున్నావో నువ్వు రాయలేదు గానీ నాకు కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది, ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో స్టడీ అవర్స్‌లో బెంచీల మధ్య తిరిగినవాణ్ణి కదా. బిట్ చదవడం, నాలుగు ఆప్షన్లు చూడడం, దగ్గర్లో ఉన్న ఫార్ములా ఏదో గుర్తు తెచ్చుకుని అంకెలు వేసెయ్యడం, వచ్చింది ఆప్షన్లలో ఉంటే టిక్ కొట్టడం, వెంటనే పేజీలు తిప్పి కీ చూడడం. రైటైతే హమ్మయ్య, తప్పైతే ‘అబ్బా, సిల్లీ మిస్టేక్’ అనుకుని తర్వాతి బిట్టుకి పోవడం. ఇక రెండోసారి అదే బిట్ బ్యాంక్ అంటే ఫిజిక్స్ కూడా అక్కర్లేదు, 27, 327 అనే అంకెలు కనపడగానే చెయ్యి దానంతటదే 16 మీదకి పోతుంది. కొత్త పేపర్లో అదే బిట్ 127, 527 అని వస్తే మళ్ళీ మొదటికే.

ఆ బిట్టే తీసుకుందాం. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న కృష్ణ వస్తువుని (అంటే మీద పడిన వికిరణాన్నంతా పీల్చేసుకునేదాన్ని) 327 డిగ్రీలకి వేడి చేస్తే అది సెకనుకి వెలువరించే శక్తి ఎన్ని రెట్లవుతుంది? ఆప్షన్లు 2, 4, 16, చివరిది 327 బై 27 మొత్తం పవర్ 4. ఇందులో 273 కలిపితే 300 కెల్విన్ నుంచి 600 కెల్విన్‌కి పోతున్నాం, ఉష్ణోగ్రత రెండింతలు, స్టీఫన్ నియమం ప్రకారం వెలువడే శక్తి కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది, అంటే 2 పవర్ 4, 16. ఇది నీకు తెలుసు. నేను చూడమనేది మిగతా మూడింటిని. 2 పెట్టినవాడు ఘాతం మర్చిపోయాడు. 4 పెట్టినవాడు వర్గం చేసి ఆగిపోయాడు. చివరిది పెట్టినవాడికి స్టీఫన్ నియమం అంతా వచ్చు, కెల్విన్‌లోకి మార్చడం ఒక్కటే మర్చిపోయాడు, పైగా తన లెక్క అచ్చు గుద్దినట్టు ఆప్షన్లో కనపడే సరికి అనుమానం కూడా రాదు పాపం. పేపర్ సెట్ చేసేటప్పుడు మేం చేసే పని అదేనమ్మా, ముందు రైట్ ఆన్సర్ రాసుకుని, పిల్లలు ఏ దారిలో తప్పుతారో ఆలోచించి ఒక్కో దారికి ఒక్కో ఆప్షన్ వేస్తాం. ఆప్షన్లలో నీ ఆన్సర్ ఉన్నంత మాత్రాన నువ్వు రైటని కాదు.

ఇంకోటి. తీగని సాగదీస్తే పొడవు 10 శాతం పెరిగింది, నిరోధం ఎంత శాతం పెరుగుతుంది? 10, 19, 20, 21. పొడవు ఒక్కటే చూసినవాడికి 10 వస్తుంది. సాగితే తీగ సన్నబడుతుంది కూడా కాబట్టి పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది అని తెలిసినవాడు, రెండు పదులు ఇరవై అనేస్తాడు, చిన్న మార్పులకి పనికొచ్చే షార్ట్‌కట్‌ని పది శాతానికి వాడేశాడన్నమాట. 1.1 వర్గం 1.21, కాబట్టి 21. 20 పెట్టినవాడికీ 10 పెట్టినవాడికీ పేపర్లో ఇద్దరికీ సున్నానే, కానీ ఇద్దరికీ కావాల్సిన మందు వేరు. ఒకడు మళ్ళీ చాప్టర్ చదవాలి, ఇంకొకడికి చాప్టర్‌తో పనే లేదు, 1 శాతం అయితే షార్ట్‌కట్, 10 శాతం అయితే లెక్క, అంతే.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. నలభై బిట్లు, ఆప్షన్లు పేపరుతో మూసిపెట్టి ముందు ఆన్సర్ రఫ్‌లో తెచ్చుకో, అప్పుడు తెరువు. కీ మాత్రం నలభై అయ్యాకే. ఆ తర్వాత ఒక నోట్‌బుక్, అందులో తప్పుపోయిన ప్రతి బిట్టుకీ ఒక్క ముక్క రాయి: ‘రాదు’, ‘చదవలేదు’, ‘లెక్క తప్పు’, ‘ఊహ’. రాదు అంటే కాన్సెప్టే రాదు. చదవలేదు అంటే బిట్ సరిగ్గా చదవలేదు, వ్యాసం ఇస్తే వ్యాసార్ధం అనుకోవడం, సరికానిది ఏది అంటే సరైనది పెట్టడం, ఇలాంటివి. ఊహ అనేది రైటైన బిట్లకి కూడా రాయాలి, గాల్లో రాయి వేస్తే తగిలినవాటికి, ఇది చాలామంది రాయరు, అక్కడే మోసపోతారు. ‘సిల్లీ’ అనే మాట ఆ పుస్తకంలో ఎక్కడా రాయకు, అది పేరు కాదు, దుప్పటి, అన్నీ దాని కింద దాక్కుంటాయి. పది రోజుల తర్వాత కీ చూడకుండా ఆ తప్పులే మళ్ళీ చెయ్యి. రెండు వారాల్లో నీకే తెలిసిపోతుంది నీ గొడవ ఏంటో. నీ లెక్కన మ్యాథ్స్ 60 వస్తోందంటే క్యాలిక్యులేషన్ బాగానే ఉంది, కాబట్టి నా అనుమానం ‘చదవలేదు’ మీద, కానీ అనుమానమే, పుస్తకం చెప్పాలి.

ఇక ఫ్రెండ్‌తో పోల్చుకోవడం గురించి నేనేం చెప్పినా నువ్వు మానవు, మీ వయసులో మేమూ మానలేదు. కనీసం ఎన్ని బిట్లు చేసిందని కాక, తప్పయ్యాక ఏం చేస్తుందో అడుగు.

ప్రశ్న: సార్ ఎంసెట్లో నెగటివ్ మార్కుల్లేవు కదా, రాని బిట్లన్నిటికీ ఒకే ఆప్షన్ పెట్టుకుంటూ పోతే మంచిదని సీనియర్ చెప్పాడు. నేను జేఈఈ మెయిన్ కూడా రాస్తున్నా, దాంట్లో కూడా ఇలాగే చేయొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఎంసెట్లో నెగటివ్ లేదు, ఆంధ్రాలోనూ లేదు తెలంగాణలోనూ లేదు, కాబట్టి ఒక్క బిట్ కూడా ఖాళీగా వదిలి రావద్దు, అది నిజం. కానీ దీంట్లో ఒక తమాషా ఉంది చూడు. 160 బిట్లకీ కళ్ళు మూసుకుని పెట్టినా సగటున నాలుగో వంతు తగులుతాయి, అంటే 40. క్వాలిఫై అవడానికి కావాల్సిన 25 శాతం కూడా సరిగ్గా ఆ 40 మార్కులే! కళ్ళు మూసుకున్నవాడు ఎక్కడికి చేరతాడో అక్కడి నుంచే ర్యాంకుల లెక్క మొదలవుతుందన్నమాట. సీనియర్ చెప్పింది తప్పు కాదు, దానికి సీనియర్ అక్కర్లేదు, అంతే. జేఈఈ మెయిన్లో రైటుకి ప్లస్ 4, తప్పుకి మైనస్ 1, అక్కడ ఒకటి రెండు ఆప్షన్లు కొట్టెయ్యగలిగితేనే పెట్టు, ఏమీ తెలియకపోతే వదిలెయ్.

కొట్టెయ్యడం అంటే ఊహ కాదు, అది కూడా ఫిజిక్సే. కప్పీ మీద తాడు, రెండు చివర్లా m1, m2 ద్రవ్యరాశులు, త్వరణం ఎంత? ఫార్ములా మర్చిపోయావనుకో. రెండూ సమానమైతే ఏదీ కదలదు, త్వరణం సున్నా రావాలి. m1 g బై m1 ప్లస్ m2 అనే ఆప్షన్లో రెండూ సమానం చేస్తే g లో సగం వస్తోంది, కొట్టెయ్. కింద m1 మైనస్ m2 ఉన్నదైతే అనంతం అయిపోతుంది, అదీ పోయింది. m1 మైనస్ m2 ని g తో గుణించి ఊరుకున్నదానికి ప్రమాణాలే కుదరవు, అది బలం, త్వరణం కాదు. మిగిలింది m1 మైనస్ m2 బై m1 ప్లస్ m2, ఇంటూ g. m2 ని సున్నా చేసి చూడు, g వస్తుంది, అంటే ఒట్టి రాయి కింద పడుతున్నట్టు. సరిపోయింది కదా. ఇది అరనిమిషం పని, ఫార్ములా వచ్చినవాడు కూడా చివర్లో ఇలా చూసుకుంటే మంచిదే.

ప్రశ్న: మాస్టారూ నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ కూడా తెలుగు అకాడమీ పుస్తకాలే. బిట్ బ్యాంకులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎంసెట్ పేపర్లో నాకు ఇబ్బంది అవుద్దా?
– శ్రీకాకుళం జిల్లా నుంచి

జవాబు: అవదు నాయనా. పేపర్ ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో వస్తుంది. తెలుగులో వాక్యం మెలితిరిగినట్టుంటే పక్కన ఇంగ్లీషు చూసుకోవచ్చు, అంకెలూ గుర్తులూ ఎలాగూ ఒకటే. అందుకే ఇంగ్లీషు బిట్లు చేస్తూనే మార్జిన్లో తెలుగు మాట రాసుకుంటూ పో, చాప్టర్‌కి ఓ ఇరవై మాటలు మించి ఉండవు.

నిజానికి నన్నడిగితే తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ దెబ్బ కొడుతుంది. బయట మనం బస్సు వేగం అంటాం, పుస్తకంలో అది వడి. వేగం అంటే పుస్తకంలో దిశ కూడా ఉండాలి. వృత్తాకార ట్రాక్ మీద ఒక పూర్తి రౌండ్ కొట్టినవాడి సగటు వేగం ఎంత అంటే సున్నా, సగటు వడి అంటే సున్నా కాదు, రెండు ఆప్షన్లూ అక్కడే ఉంటాయి, ఇంట్లో మాట్లాడే తెలుగుతో చదివితే తప్పు పెట్టేస్తావు. కొట్లో భారం, పుస్తకంలో భారం ఒకటి కాదు, కిలోల్లో కొలిచేది ద్రవ్యరాశి, న్యూటన్లలో కొలిచేది భారం. ఉష్ణం, ఉష్ణోగ్రత కూడా అంతే. ఇవి మాత్రం ఒక పేజీలో రాసి గోడకి అంటించుకో.

ప్రశ్న: మా బాబుకి ఫిజిక్స్ బిట్లు ఇంట్లో చేస్తే అన్నీ వస్తాయి, టెస్టులో టైమ్ సరిపోలేదంటాడు. ముందు ఫిజిక్స్ చేయమనాలా, చివర్లోనా? ఇంకా g విలువ 9.8 వేయాలా 10 వేయాలా అని రోజూ గొడవ. దయచేసి చెప్పండి.
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: 180 నిమిషాలు, 160 బిట్లు, అంటే బిట్టుకి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు, అందులో మ్యాథ్సే 80. నేనైతే కెమిస్ట్రీ ముందు అరగంటలో, ఫిజిక్స్‌కి 50 నిమిషాలు, మ్యాథ్స్‌కి గంటన్నర, చివర పది నిమిషాలు వదిలేసినవాటికి అని చెప్తాను, కానీ ఇది శాసనం కాదండీ, బాబు రెండు మూడు గ్రాండ్ టెస్టుల్లో అటూ ఇటూ మార్చి చూసుకుని ఒకటి ఖాయం చేసుకోవాలి, పరీక్ష రోజు మాత్రం ప్రయోగాలు వద్దు. రెండు నిమిషాలు దాటినా దారి కనపడని బిట్ ఉంటే మార్క్ చేసుకుని వదిలెయ్యాలి. బాగా చదివే పిల్లలకే ఇది కష్టం, పంతం వచ్చేస్తుంది వాళ్ళకి, ఒక్క మార్కు కోసం ఐదు మార్కుల టైమ్ ఇచ్చేస్తారు.

g సంగతి ఆప్షన్లే చెప్తాయి. 20, 40, 60, 80 అని దూరదూరంగా ఉంటే హాయిగా 10 వేసుకోమనండి. 19.6, 20 రెండూ పక్కపక్కన కనపడితే అప్పుడు 9.8. క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి పై (π) వర్గాన్ని 10 అనుకోవడం, రూట్ 2, రూట్ 3 నోటికి రావడం, ఇవన్నీ టైమ్ మిగిల్చేవే.

ఇంకో మాట, ఇంట్లో ఎక్కడ చేస్తున్నాడు, పుస్తకం మీదేనా? పరీక్ష కంప్యూటర్ మీద. పుస్తకంలో అయితే బొమ్మ మీదే బలాలు గీసేస్తాం, స్క్రీన్ మీద గీయలేం, రఫ్ పేపర్ మీద బొమ్మ మళ్ళీ వేసుకోవాలి, దానికే అరనిమిషం పోతుంది. ఆ అలవాటు లేక టైమ్ చాలక పోవచ్చు. ఈఏపీసెట్ వెబ్‌సైట్లో మాక్ టెస్ట్ ఫ్రీగానే పెడతారు, ఇంట్లో కంప్యూటర్ లేకపోతే వారానికోసారి నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. ఆంధ్రాలో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉందని మర్చిపోయి పబ్లిక్ పరీక్షల ముందు కూడా బిట్లే చేయించకండి మళ్ళీ.

ప్రశ్న: సార్, పోయిన సంచికలో ఒక మూలకం అర్ధజీవిత కాలం 10 రోజులైతే 30 రోజుల్లో విఘటనం చెందే భాగం ఎంత అనే బిట్టుకి మీరు 1/8 అని ఆన్సర్ ఇచ్చారు. మా క్లాసులో అందరం 7/8 అంటున్నాం. మీదే రైటా?
– ఎనిమిది మంది విద్యార్థినులు, సిద్దిపేట

జవాబు: మీదే రైటమ్మా, ఎనిమిది మందీ రైటే. మూడు అర్ధజీవిత కాలాలు, ఒక్కోదానికి ఉన్నదాంట్లో సగం పోతుంది, మిగిలేది 1/8, విఘటనం చెందింది 7/8. అడిగింది పోయిన భాగం, నేను రాసింది మిగిలిన భాగం. రాసింది నేను, ప్రూఫ్ చూసింది కూడా నేనే, రెండుసార్లూ కనపడలేదు. ‘చదవలేదు’ అని నా పుస్తకంలో రాసుకున్నా, పది రోజుల తర్వాత మళ్ళీ చేస్తా.