ఎడమ చక్రంలో లోపలి ప్యాడే ఎందుకు అరిగింది?

ప్రశ్న: నా చిన్న కారుకు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు సంక్రాంతికి మార్పించాను. మాడుగుల నుంచి పాడేరు బడికి రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతాను. దసరా నాటికే ఎడమ చక్రం దగ్గర ఇనుము ఇనుముతో రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోయింది. బయటిది మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. బ్రేకు వేస్తే బండి కాస్త కుడికి లాగుతోంది. నకిలీ సరుకు వేశారు, ఇంకో జత వేయించుకోమని అందరూ అంటున్నారు. ఈసారి నేనే ఇంట్లో మార్చుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, మాడుగుల

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక మాట. ప్యాడు రేకు దాకా వచ్చిన బండితో రేపు ఘాట్ దిగకండి. బస్సులో వెళ్లండి. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

మీరు రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి చూడటం చాలా మంచి పని. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లకు నేను మొదట నేర్పేది అదే. పాత ప్యాడ్లను చెత్తడబ్బాలో వేసే ముందు నాలుగింటినీ వరుసగా పేర్చి చూడమంటాను. సరుకు నకిలీదైతే నాలుగూ ఇంచుమించు ఒకేలా అరుగుతాయి. ఒక చక్రంలో, అందులోనూ లోపలిది ఒక్కటే అరిగిందంటే తప్పు ప్యాడుది కాదు, ప్యాడ్లను పట్టి నొక్కే క్యాలిపర్‌ది. అది సరిచేయకుండా కొత్త జత వేస్తే మళ్లీ ఇదే జరుగుతుంది.

చిన్న కార్లకు ముందు వైపు ఒక్కో క్యాలిపర్‌లో సాధారణంగా ఒకే పిస్టన్ ఉంటుంది, అదీ లోపలి వైపున. పెడల్ తొక్కగానే అది లోపలి ప్యాడును డిస్కుకు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేనికి, నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడును అవతలి నుంచి లాగి పట్టుకుంటుంది. పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే క్యాలిపర్ జరగదు. అప్పుడు భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది. కాలు తీసినా అది డిస్కును పూర్తిగా వదలదు. ఎడమ చక్రం సగం పట్టుతో ఆగుతుంటే కుడి చక్రం పూర్తిగా ఆగుతుంది కనుక బండి కుడికి లాగుతుంది. మీరు రాసిన గుర్తులన్నీ దీనికి సరిపోతున్నాయి. పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగిందంటే మన్యం వానల్లో నీళ్లు లోపలికి పోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంట్లో చేసుకోవచ్చు. గట్టి నేల కావాలి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. ఛాసిస్ కింద స్టాండు పెట్టాకే చెయ్యి లోపల పెట్టండి. దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చాలా కార్లకు క్యాలిపర్ బోల్టులు 12 లేదా 14 నంబరు పానాకు వస్తాయి. ఊడదీసిన క్యాలిపర్‌ను బ్రేకు పైపుకు వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి. ఇక అసలు పని. పిన్నులను ఒక్కొక్కటిగా బయటికి లాగండి. ఏది పైది, ఏది కిందిది గుర్తు పెట్టుకోండి. కొన్ని బండ్లలో రెండూ ఒకలా ఉండవు. మంచి పిన్ను వేలితో నెడితే నునుపుగా జారుతుంది. మీది సుత్తితో కొడితే గానీ రాకపోవచ్చు. పైపైన తుప్పయితే సన్న ఎమరీ కాగితంతో రుద్దండి. గుంటలు పడితే పిన్నులు, రబ్బర్లు కొత్తవి వేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుస్తుంది. ఇలా ఉబ్బిన పిన్నులు మా షెడ్డుకు తరచుగా వస్తుంటాయి.

ప్యాడు చెవులు కూర్చునే గాడిలో తుప్పు గీకేసి, కొత్త క్లిప్పులు వేయండి. పిస్టన్ మీద పాత ప్యాడు ఆనించి, సి-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి నొక్కండి. ఆ సమయంలో బానెట్ కింద బ్రేకు ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోండి. ఆ ఆయిల్ పెయింటును తినేస్తుంది. పిస్టన్ మొండికేస్తే అక్కడితో ఆపి షెడ్డుకు తీసుకెళ్లండి. దాన్ని విప్పి కొత్త రబ్బరు సీళ్ల కిట్టు వేయడం ఇంట్లో పని కాదు. ప్యాడ్లు మాత్రం రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. కుడి పిన్నులను కూడా అదే చేత్తో చూసేయండి.

అంతా బిగించాక బండి కదపక ముందే పెడల్‌ను గట్టిపడే దాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కనుక మొదటిసారి తొక్కితే పెడల్ నేలకు తగులుతుంది. ఇది మరచి రివర్సు తీసి గోడకు గుద్దిన బండ్లను చూశాను. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కు మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు చేయండి. అప్పుడే ప్యాడు డిస్కుకు సర్దుకుంటుంది. ఘాట్‌లో ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త బ్రేకు ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. దిగుడులో అది మరిగితే పెడల్ మెత్తబడి, కాలు లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి.

ప్రశ్న: ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా మార్చాల్సిందే అంటున్నారు. నమ్మాలా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: కొలిచి చూపించమనండి, అమ్మా. చాలా డిస్కుల మీదే కనీస మందం మిల్లీమీటర్లలో పోతపోసి ఉంటుంది. మైక్రోమీటరుతో రెండు మూడు చోట్ల కొలిస్తే నిమిషంలో తేలిపోతుంది. అంతకంటే తగ్గినా, పగులు కనిపించినా మార్చాల్సిందే. గోరుకు తగిలే లోతు గాళ్లు ఉంటే, మందం చాలినప్పుడు లేత్ మీద చదును చేయించవచ్చు. వాన వెలిసిన ఉదయం కనిపించే ఎర్రటి పొర మాత్రం తుప్పే, నాలుగు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. దాన్ని చూపించి డిస్కులు పోయాయంటే ఒప్పుకోకండి. మార్పించినా సరే, పాతవాటిని మీ చేతికి ఇమ్మని పని మొదలు పెట్టకముందే చెప్పండి.