కీనోట్‌కి పెద్ద పేరు తేవాలా, మన రంగం మనిషిని తేవాలా?

మీరు అడిగింది ఇది: కార్పొరేట్ ట్రావెల్ (కంపెనీ పని మీద ఉద్యోగులు చేసే ప్రయాణాలు) సదస్సు ప్రోగ్రామ్ కమిటీలో మిమ్మల్ని కొత్తగా వేశారు, మూడు కీనోట్ స్లాట్లు, అంటే హాలంతా కూర్చుని వినే ప్రధాన ప్రసంగాలు, ఉన్నాయి, కమిటీలో సగం మంది అందరికీ తెలిసిన సెలబ్రిటీ కావాలంటున్నారు, మిగతా సగం ఎయిర్‌లైన్ సీఈఓని పిలుద్దామంటున్నారు, ఎవరి మాట వినాలి అని. నేను పదకొండేళ్లు ఒక కంపెనీలో ఉద్యోగుల ప్రయాణాలు చూసుకునే ట్రావెల్ మేనేజర్‌గా చేశాను, అంటే ఈ కీనోట్లు కింద కూర్చుని విన్నవాణ్ణి. తర్వాత మూడు సదస్సులకి మీలాగే కమిటీలో ఇరుక్కున్నాను. నా జవాబు సూటిగా చెప్పేస్తా. ఎవర్ని పిలిచినా సరే, హాల్లో కూర్చునేది ఎవరో ఆ మనిషికి తెలుసా, ఇబ్బంది పెట్టే ప్రశ్న వస్తే జవాబు చెప్పడానికి ముందే ఒప్పుకున్నాడా, ఈ రెండూ చూడండి. పేరు సంగతి తర్వాత.

ముందు మా పరువు పోయిన కథ చెప్తా. నేను కమిటీలో చేరిన మొదటి ఏడాది ఒక పర్వతారోహకుణ్ణి పిలిచాం. హాలు కిటకిటలాడింది. స్లైడ్లు అదిరిపోయాయి, మంచు, తాళ్లు, గడ్డం మీద గడ్డకట్టిన ఐస్. మొదటి పావుగంట జనం ఊపిరి బిగబట్టి విన్నారు, నేను వెనక నిలబడి మనం గెలిచాం అనుకుంటున్నా. అప్పుడు ఆయన స్టేజీ అంచుదాకా వచ్చి, "మీరంతా జనానికి సెలవుల కలలు అమ్మేవాళ్లు, మీ టూరిస్టుల్ని ఈసారి ఇంకాస్త దూరం పంపండి, ఇంకాస్త సాహసం చేయించండి" అన్నాడు. ఆ హాల్లో సెలవులు అమ్మేవాడు ఒక్కడు లేడు. సగం మంది ట్రావెల్ మేనేజర్లు, ప్రయాణాలు తగ్గించు, ఖర్చు తగ్గించు, రిస్క్ తగ్గించు అని పైవాళ్లు రోజూ ప్రాణం తోడుతుంటే పనిచేసేవాళ్లు. మిగతా సగం వాళ్లకి టికెట్లు, గదులు, సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్లు. నా ముందు కుర్చీలో ఒకావిడ మెడలో బ్యాడ్జి తాడుని వేలికి చుట్టుకుంటూ పక్కావిడతో, "మా వాళ్లు ఇంకాస్త దూరం వెళ్తే నా ఉద్యోగం కూడా ఇంకాస్త దూరం పోతుంది" అంది. ఆ వరసంతా నవ్వింది. స్టేజీ మీద ఆయనేమో తన మాటకే నవ్వారనుకుని ఇంకో రెండు నిమిషాలు అదే లాగాడు.

ఆయన తప్పేం లేదు, తప్పంతా మాదే. ఆయన ఏజెంట్ అరగంట ఫోన్ కాల్ పెట్టుకుందాం, ఎవరు వస్తారో చెప్పండి అని రెండుసార్లు మెయిల్ పెట్టాడు. మేం సదస్సు బ్రోషర్ పంపేసి చేతులు దులుపుకున్నాం. ఆ బ్రోషర్ అట్ట మీద డిజైన్ చేసినవాళ్లు సముద్రతీరం ఫొటో వేశారు. అది చూసి పాపం ఆయన ఇంకేం అనుకుంటాడు?

బయటివాళ్లకి "ట్రావెల్" అనగానే టూరిజమే గుర్తొస్తుంది, ఈ రంగం ఒకటుందనే చాలామందికి తెలియదు. ఇదేమైనా నిన్న మొన్న పుట్టిందా అంటే కాదు, ఇప్పుడు జీబీటీఏ (గ్లోబల్ బిజినెస్ ట్రావెల్ అసోసియేషన్) అని పిలిచే ఈ రంగం వాళ్ల సంఘం 1968లో మొదలైంది, అప్పటి పేరు నేషనల్ ప్యాసింజర్ ట్రాఫిక్ అసోసియేషన్. విహారం ఊసే లేదు ఆ పేరులో, కంపెనీ మనుషుల రాకపోకలు చూసుకునే వాళ్ల సంఘం అని మొహం మీదే రాసుంది. కాబట్టి స్పీకర్‌తో ఆ అరగంట కాల్ తప్పనిసరి, అదీ ఏజెంట్‌తో కాదు, మాట్లాడబోయే మనిషితోనే. కింద కూర్చున్నవాళ్లు స్వయంగా తిరిగేవాళ్లు కాదనీ, వేరేవాళ్లు తిరుగుతుంటే ఆ బాధ్యత మోసేవాళ్లనీ చెప్పండి. డ్యూటీ ఆఫ్ కేర్, అంటే ప్రయాణంలో ఉన్న ఉద్యోగి క్షేమం చూసుకోవాల్సిన కంపెనీ బాధ్యత, ఏంటో రెండు ముక్కల్లో చెప్పండి, దాని మీద 2021లో ఐఎస్ఓ 31030 అని ప్రయాణ రిస్కుకి ఒక అంతర్జాతీయ ప్రమాణమే వచ్చిందని చెప్తే వాళ్లకి విషయం ఎంత సీరియస్సో అర్థమవుతుంది. నిన్న వీళ్లకి నిద్రపట్టకుండా చేసిన సంగతి ఏంటో ఒక్కటి చెప్పండి చాలు, మంచి వక్తయితే తన కథని దానికి తనే ముడేసుకుంటాడు. తర్వాతి ఏడాది ఒక మాజీ క్రీడాకారిణికి ఇలాగే చెప్పాం. ఆవిడ పతకాల గురించి అయిదు నిమిషాలే మాట్లాడి, మిగతా టైమంతా జట్టు ప్రయాణాలు చూసుకున్న మేనేజర్ గురించి మాట్లాడింది. బ్యాగులు తప్పిపోయిన రాత్రి ఆయన ఏం చేశాడో చెప్తుంటే హాల్లో కొందరు కళ్లు తుడుచుకున్నారు, అబద్ధం కాదు.

ఇక ఎయిర్‌లైన్ సీఈఓ సంగతి. పిలవండి, కానీ ఒంటరిగా స్టేజీ ఇచ్చి వదిలేయకండి. ఒంటరిగా వదిలితే కొత్త విమానాల బొమ్మలు, పడుకునే సీట్లు, పర్యావరణం గురించి ఒక స్లైడ్, "మీరే మా భాగస్వాములు" అనే మాట, అంతే, నలభై నిమిషాలు హారతి కర్పూరం. మన రంగంలో అసలు గొడవ టికెట్ ఏ దారిలో అమ్ముతున్నారన్నది. 2012లో ఎయిర్‌లైన్ల ప్రపంచ సంఘం ఐయాటా, ఎయిర్‌లైన్లు తమ ధరల్ని అమ్మేవాళ్లకి తామే నేరుగా పంపేలా ఎన్‌డీసీ అని కొత్త పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచీ నడుస్తున్న పంచాయితీ ఇది. జర్మనీ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సా 2015లో జీడీఎస్ ద్వారా, అంటే ట్రావెల్ ఏజెన్సీలు అన్ని ఎయిర్‌లైన్ల టికెట్లూ ఒకేచోట చూసి కొనే పాత కంప్యూటర్ వ్యవస్థ ద్వారా, బుక్ చేస్తే టికెట్‌కి 16 యూరోలు అదనంగా వేయడం మొదలుపెట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2023 ఏప్రిల్‌లో చాలా ఛార్జీలని పాత జీడీఎస్ దారిలోంచి తీసేసింది, దాంతో ఎన్నో కంపెనీల బుకింగ్ టూల్స్‌లో ఆ ధరలు కనిపించడం మానేశాయి. ఏడాది గడిచాక, 2024 మేలో, ఆ విధానం నడిపిన చీఫ్ కమర్షియల్ ఆఫీసర్ వాసు రాజా తప్పుకుంటున్నట్టు ప్రకటించారు, తమ అమ్మకాల విధానం కస్టమర్లని దూరం చేసిందని సీఈఓ రాబర్ట్ ఐసమ్ ఒప్పుకున్నారు. ఎక్కడ ఒప్పుకున్నారో చూడండి, ఇన్వెస్టర్ల సదస్సులో. ఇన్వెస్టర్లు ప్రశ్నలు అడుగుతారు కాబట్టి అక్కడ అలాంటి మాటలు బయటికొస్తాయి. మన సదస్సుల్లో మనం చప్పట్లు కొట్టి ఎగ్జిబిషన్ హాల్లోకి పోతాం.

అందుకే రెండు కుర్చీల పద్ధతి. ఒక కుర్చీలో ఆ పెద్దమనిషి, రెండో కుర్చీలో మోడరేటర్. ఆ మోడరేటర్ టీవీ యాంకర్ కాకూడదు, రోజూ టికెట్లు కొనే ట్రావెల్ మేనేజర్ అయ్యుండాలి. యాంకర్లు మాటకారులే కానీ మొదటి జవాబు వినగానే కార్డు మీదున్న రెండో ప్రశ్నకి వెళ్లిపోతారు. మేం ఇది ఒకసారి చేశాం. ఒక ఎయిర్‌లైన్ కమర్షియల్ హెడ్ వచ్చాడు, ఏ ఎయిర్‌లైనో అనవసరం. వాళ్ల పీఆర్ వాళ్లు ప్రశ్నలన్నీ ముందే కావాలని పట్టుబట్టారు. అంశాలు ఇస్తాం, ప్రశ్నలు ఇవ్వం అన్నాం, నాలుగు రోజులు లాగి చివరికి సరే అన్నారు. మోడరేటర్‌గా ఒక తయారీ కంపెనీ ట్రావెల్ మేనేజర్‌ని కూర్చోబెట్టాం, ఆవిడ చేతిలో ఒక్క కాయితం ఉంది. "మా బుకింగ్ టూల్లో నాకు కనిపించే ధర కంటే మా ఉద్యోగి ఫోన్లో మీ యాప్‌లో చూసే ధర తక్కువ ఎందుకుంది? పోనీ తక్కువే కదా అని అతను యాప్‌లోనే కొనుక్కుంటే, రేపు అక్కడ ఏదైనా జరిగితే అతను ఏ ఫ్లైట్‌లో ఉన్నాడో నాకు ఎవరు చెప్తారు?" ఆయన అప్పుడే తాగి పెట్టిన నీళ్ల గ్లాసు మళ్లీ తీశాడు. కాసేపు నీళ్లు నమిలాడు, రెండు రకాలుగానూ. ఆవిడ ఏం మాట్లాడలేదు, కాయితం ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. చివరికి ఆయన, "మొదటిది మా పంపిణీ ఖర్చు వల్ల. రెండోది మేం ఇది డిజైన్ చేసేటప్పుడు అసలు ఆలోచించలేదు" అన్నాడు. ఆ సదస్సులో మిగతా రెండు రోజులూ జనం మాట్లాడుకున్నది ఆ ఒక్క వాక్యం గురించే. ఆయన మీద ఎవరికీ కోపం రాలేదు, చిత్రంగా గౌరవం పెరిగింది.

ఆర్థికవేత్తల్ని, భవిష్యత్తు చెప్పేవాళ్లని పిలవాలని కూడా ఎవరో ఒకరు అంటారు. పిలిస్తే ఒక షరతు పెట్టండి, కిందటిసారి తను చెప్పిన అంచనా ఏమైందో మొదటి స్లైడ్‌లోనే చూపించాలి. 2020 నవంబర్‌లో బిల్ గేట్స్ ఒక సదస్సులో బిజినెస్ ట్రావెల్ 50 శాతానికి పైగా పోతుందన్నారు, అప్పట్లో మా ఆఫీసులో ఆ మాట విని నా టీమ్‌లో సగం మంది రెజ్యూమెలు దిద్దుకున్నారు. జీబీటీఏ 2024 అంచనాలో ప్రపంచ వ్యాప్తంగా ఈ ఖర్చు ఆ ఏడాది 1.48 లక్షల కోట్ల డాలర్లకి చేరుతుందని, 2019 నాటి 1.43ని దాటుతుందని చెప్పింది. అయితే గేట్స్ పూర్తిగా తప్పు అని ఎగిరి గంతెయ్యక్కర్లేదు, ఆ మధ్యలో ధరలు పెరిగాయి, కాబట్టి డాలర్లు వెనక్కి వచ్చినంత మాత్రాన ప్రయాణాలు అన్నీ వెనక్కి వచ్చినట్టు కాదు. ఈ తేడా చెప్పేవాడైతే పిలవండి, గ్రాఫ్ పైకి పోతోంది అని మాత్రమే చూపించేవాడైతే వద్దు.

స్పాన్సర్ డబ్బు కట్టి కొనుక్కునే కీనోట్ స్లాట్ ఒకటి ఎలాగూ ఉంటుంది, దాన్ని తప్పించుకోలేరు. ఇరవై నిమిషాలకి కుదించండి, ప్రోగ్రామ్‌లో స్పాన్సర్ స్లాట్ అని రాయండి, అంతకంటే ఏం చెయ్యలేం.

సెలబ్రిటీ అస్సలు వద్దని నేననను. చివరి రోజుకి పెట్టండి. చివరి రోజు మధ్యాహ్నానికి సగం మంది సూట్‌కేసులు లాక్కుంటూ వెళ్లిపోతారు, వాళ్లని ఆపేది ఆ పేరే. మన పనికి దగ్గరగా ఉండే మనిషైతే ఇంకా మేలు. 2009 జనవరి 15న హడ్సన్ నది మీద విమానం దించి 155 మందినీ బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ లాంటివాళ్లు చెప్పేది మన హాల్లో ఇట్టే అతుకుతుంది, ఎందుకంటే ఆ కథలో ఉన్నవి శిక్షణ, చెక్‌లిస్టు, పక్కనున్న మనిషి మీద నమ్మకం. మనం రోజూ వెతుక్కునేవీ అవే.

ఇంకొక్క విషయం, దీన్ని అందరూ మర్చిపోతారు. వక్త ముందు రోజు రాత్రికే వచ్చి ఉండాలి, కాంట్రాక్టులో రాసుకోండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్‌తో కంప్యూటర్లు ఆగిపోయి అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా విమానాలు వేలల్లో రద్దయ్యాయి. జీబీటీఏ సదస్సు ఆ సోమవారమే, 22న, అట్లాంటాలో, అంటే డెల్టా సొంత గడ్డ మీదే మొదలైంది. ఇలాంటివి ముహూర్తం చూసుకుని రావు. మా మూడో సదస్సులో కీనోట్ రోజు ఉదయం వక్త ఫ్లైట్ రద్దయింది. ఆయన టికెట్ ఆయన ఏజెంట్ ఎక్కడో సొంతంగా కొన్నాడు, మా ట్రావెల్ ఏజెన్సీ దగ్గర ఏ రికార్డూ లేదు, ఆయన ఏ ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాడో గంటసేపు ఎవరికీ తెలియలేదు. అవతల హాల్లో కూర్చున్న వందల మంది ఉద్యోగమే అది, మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడం. మోడరేటర్ దాచకుండా ఉన్నదున్నట్టు మైకులో చెప్పేస్తే హాలంతా పగలబడి నవ్వింది, ముందు వరసలోంచి ఒకాయన లేచి "ఆయన పేరు చెప్పండి, మా టూల్లో వెతుకుతా" అన్నాడు. వక్త వీడియోలో వచ్చేసరికి పదకొండున్నర అయింది. ఆ తర్వాత నుంచి వక్తల టికెట్లన్నీ మా ఏజెన్సీ ద్వారానే, ఏజెంట్లు ఎంత గునిసినా సరే.