ఓడ ఎక్కనివాళ్లు నౌకా యుద్ధాల గురించి పాఠం చెప్పవచ్చా?

మీరు అడిగినవి రెండు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవారు నౌకా యుద్ధాల విశ్లేషణనే పరిశోధనగా, అధ్యాపక వృత్తిగా పెట్టుకోవచ్చా అన్నది మొదటిది. ఒక్క రోజైనా యుద్ధనౌకలో పనిచేయని మనిషి చెబితే నౌకాదళం వారు వింటారా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నది. పెట్టుకోవచ్చు, కానీ ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన మీకు ఎక్కడా కనబడదు. నేను స్టాటిస్టిక్స్ చెప్పడానికి చేరాను. ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఏ పని ఎలా చేస్తే మేలో గణితంతో తేల్చే శాస్త్రం, ఆ పేపరు చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే నా మెడకు చుట్టారు. ఊరు విశాఖపట్నం కాబట్టి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నౌకాదళ అధికారులు వచ్చేవారు. వారికి గైడుగా ఉండాలంటే నేనే ముందు చదువుకోవాల్సి వచ్చింది. అలా ఇరవై నాలుగేళ్లు గడిచాయి. నాకు జీతం వచ్చేది మాత్రం ఇప్పటికీ ఎమ్మెస్సీ పిల్లలకు సంభావ్యత చెప్పినందుకే.

రెండో ప్రశ్నకు ఒక తరగతి గురించి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక సాయంత్రం పదిహేను మంది అధికారులకు సాల్వో సమీకరణం చెబుతున్నాను. అమెరికా నౌకాదళంలో కెప్టెన్‌గా రిటైరై, మోంటెరీలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో దాదాపు నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన వేన్ హ్యూజ్ తయారుచేసిన నమూనా అది. సాల్వో అంటే ఒక్క ఊపున వదిలే క్షిపణుల గుంపు. అందులో ఉన్న గణితం హైస్కూలు పిల్లలకు కూడా కష్టం కాదు. అటు మూడు ఓడలు, ఇటు మూడు ఓడలు. అటువైపు ఒక్కో ఓడ గురి తప్పని నాలుగు క్షిపణులు వదిలితే మొత్తం పన్నెండు. ఇటువైపు ఒక్కో ఓడ మూడింటిని కూల్చగలిగితే తొమ్మిది పోతాయి, మూడు తగులుతాయి. రెండు దెబ్బలకు ఒక ఓడ పనికిరాకుండా పోతుందనుకుంటే ఒకటిన్నర ఓడలు నష్టం. ఇప్పుడు కూల్చేవి మూడు కాదు, నాలుగు అనుకోండి. ఒక్క ఓడకూ గీత పడదు. రెండే అనుకోండి, ఆరు తగిలి మూడు ఓడలూ పోతాయి. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఫలితం ఇంతగా తిరగబడుతుందని ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను.

వెనక బెంచీలోంచి ఒక లెఫ్టినెంట్ కమాండర్ చెయ్యెత్తారు. "మేడమ్, ఆ మూడు ఎక్కడినుంచి వచ్చింది?"

ఓడలోని ఆయుధాల సామర్థ్యం నుంచి అన్నాను.

"సామర్థ్యం అమ్మినవాడు చెబుతాడు. గస్తీలో పదకొండో రోజు, తెల్లవారుజామున మూడింటికి, అప్పటికే నాలుగు ఉత్తుత్తి హెచ్చరికలు వచ్చిపోయాక, నా ఓడ ఎన్నింటిని కూలుస్తుందో నాకే తెలియదు. మీరెలా వేశారు?"

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు చేసి పాఠం ముగించాను గానీ, ఇంటికి వెళ్లి వంట చేస్తున్నా ఆ ప్రశ్న వదల్లేదు.

ఆయన చెప్పినదానికి ఫాక్లండ్ యుద్ధంలో అచ్చమైన ఉదాహరణ ఉంది. 1982 మే 4న అర్జెంటీనా విమానాలు బ్రిటిష్ నౌకల మీదికి రెండు ఎగ్జోసెట్ క్షిపణులు వదిలాయి. అక్కడున్న గ్లాస్గో, షెఫీల్డ్ రెండూ ఒకే రకం ఓడలు, టైప్ 42 డిస్ట్రాయర్లు. గ్లాస్గో ఆ విమానాల రాడార్‌ను పసిగట్టి అందరినీ హెచ్చరించింది. క్షిపణిని తప్పుదారి పట్టించే లోహపు తునకలను, అంటే చాఫ్‌ను, గాలిలోకి చిమ్మింది. షెఫీల్డ్ అదీ చేయలేదు, ఇదీ చేయలేదు. ఒక క్షిపణి దానికి తగిలి 20 మంది చనిపోయారు. షెఫీల్డ్ ఆ సమయంలో ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపుతూ ఉండటంతో శత్రు రాడార్‌ను పసిగట్టే పరికరానికి ఆటంకం కలిగిందని మేము మొదటినుంచీ చదివేవాళ్లం. విచారణ నివేదిక పూర్తి పాఠం 2017లో బయటికి వచ్చింది. గగనతల రక్షణ చూడవలసిన అధికారి అప్పుడు ఆపరేషన్స్ గదిలో లేరనీ, అధికారులు సేదదీరే వార్డ్‌రూమ్‌లో కాఫీ తాగుతున్నారనీ అందులో ఉంది. ఆ వార్త చదివిన రోజే మా వెనక బెంచీ అధికారికి ఫోను చేశాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. విషయం విని, "కాఫీయా? నేను టీ అనుకున్నాను" అన్నారు.

నిజానికి నాకు జవాబు అంతకుముందే దొరకాలి. 1994లో మోంటెరీలోనే ఒక విద్యార్థి తన థీసిస్ కోసం అప్పటివరకు ఓడల మీద జరిగిన క్షిపణి దాడులన్నీ పోగుచేసి లెక్క తీశారు. ఆత్మరక్షణ సాధనమే లేని ఓడల మీద వదిలిన క్షిపణుల్లో నూటికి సుమారు తొంభై తగిలాయి. ఎదుర్కొన్న ఓడల మీద సుమారు ఇరవై ఆరు. మధ్యలో మూడో గుంపు ఉంది: సాధనాలు ఉండీ వాడని ఓడలు. వాటి మీద వదిలినవాటిలో నూటికి అరవై ఎనిమిది తగిలాయి. ఈ మూడు అంకెలనూ నేను ఎన్నో ఏళ్లు బోర్డు మీద రాశాను. మొదటిదానికీ రెండోదానికీ తేడా వివరించి, మధ్య గుంపును ఒక్క వాక్యంతో దాటేసేదాన్ని. నా సగం పరిశోధన తర్వాత ఆ మధ్య గుంపులోంచే వచ్చింది.

ఎలాగంటే, ఓడ మెలకువగా ఉంటే నాలుగు కూలుస్తుంది, ఏమరుపాటులో ఉంటే సున్నా. రెండింటికీ సమాన అవకాశం ఉందనుకుంటే సగటు రెండు. కానీ ఆ రెండు ఏ రోజూ జరగదు. పైగా మూడు ఓడలూ ఒకే హెచ్చరిక మీద ఆధారపడితే మూడూ కలిసే మేలుకుంటాయి, కలిసే మోసపోతాయి. సగటును సమీకరణంలో పెడితే ఈ సంగతంతా మాయమవుతుంది. ఇప్పుడు నా తరగతిలో ఎవరైనా బోర్డు మీద అంకె వేయాలంటే ముందు ఒక పేజీ రాయాలి: ఓడ బయలుదేరి ఎన్ని రోజులైంది, ఏ వాచ్ (కాపలా వంతు) నడుస్తోంది, ఆపరేషన్స్ గదిలో ఎవరున్నారు, చివరి హెచ్చరిక నిజమా కాదా. పేజీ ఇవ్వనివారికి సుద్దముక్క ఇవ్వను. అధికారులకు ఇది సరదా. ఎమ్మెస్సీ పిల్లలకు మాత్రం మహా విసుగు.

కాబట్టి వింటారా అంటే, వింటారు, కానీ మీకు చెప్పే అవకాశం వారికి ముందు ఇవ్వాలి. ఆపరేషన్స్ రీసెర్చ్‌కు రెండో ప్రపంచ యుద్ధంలో పునాది వేసినవారిలో ముఖ్యులు ప్యాట్రిక్ బ్లాకెట్. ఆయన మొదటి యుద్ధంలో జట్లాండ్ నౌకా పోరు చూసిన నావికుడే, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆయనతో పనిచేసిన ఇ.జె. విలియమ్స్ మాత్రం ప్రయోగశాల మనిషి. విమానం నుంచి జలాంతర్గామి మీద వేసే డెప్త్ చార్జీలను అప్పట్లో వంద అడుగుల లోతున పేలేలా అమర్చేవారు. అంత లోతుకు వెళ్లిన జలాంతర్గామి పక్కకు ఎటు తిరిగిందో పైలట్‌కు ఎలా తెలుస్తుందన్నది విలియమ్స్ ప్రశ్న. పైలట్‌కు కనబడేది ఇంకా పైనున్నదే, పేలుడూ పైనే జరగాలి కదా. ఇరవై అయిదు అడుగులు చాలన్నారు. అమరిక మార్చాక దాడులు ఎక్కువగా ఫలించాయి. ఈ ప్రశ్న వేయడానికి సముద్రం తెలియనక్కరలేదు. పైలట్లు రాసిన నివేదికలు ఓపికగా చదివితే చాలు.

నివేదికలంటే గుర్తొచ్చింది, వాటిని చదవడం కూడా ఒక విద్యే. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ దగ్గర మన క్షిపణి పడవ నిర్ఘాత్ వదిలిన మొదటి క్షిపణి తగిలాక, పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ తమ మీద శత్రు విమానం దాడి చేసిందని సందేశం పంపింది. వారు అబద్ధమాడలేదు. దూసుకొచ్చిన వెలుగును విమానమే అనుకున్నారు. రెండో క్షిపణి తగిలి ఓడ మునిగింది. ఇక అదే యుద్ధంలో మా విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి సరే సరి. చిన్నప్పుడు మా వీధిలో ప్రతి పెద్దాయన దగ్గరా ఒక కథ ఉండేది. మన ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో అది మునిగిందని మనవాళ్లు, ప్రమాదవశాత్తు పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ వాళ్లు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. పదోన్నతి ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా పేపర్లు తిరగేసి "ఇది గణితమా అమ్మా, చరిత్రా?" అన్నారు. ఆ ఏడు పదోన్నతి రాలేదు. ఒక అధికారి థీసిస్ అనుమతి కోసం ఒక కార్యాలయంలో పద్నాలుగు నెలలు పడి ఉంది. రహస్యాల సంగతి మరీ జాగ్రత్త. తరగతిలో ఎవరైనా నిజమైన ఆయుధం అంకె చెప్పబోతే నేనే ఆపేస్తాను. మాకు ఎర్ర దళం, నీలి దళం, అక్షరాలు చాలు.

చదువు విషయానికొస్తే సంభావ్యత, స్టొకాస్టిక్ ప్రక్రియలు, సిమ్యులేషన్, అన్వేషణ సిద్ధాంతం బాగా రావాలి. ప్రోగ్రామింగ్ ఎలాగూ తప్పదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆపరేషనల్ రీసెర్చ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. బోధన కాకుండా పరిశోధనే కావాలంటే డీఆర్‌డీఓ వారి ప్రకటనలు చూస్తూ ఉండండి.

అన్వేషణ సిద్ధాంతాన్ని మాత్రం చిన్నచూపు చూడకండి. జలాంతర్గాములను వెతకడానికి పుట్టిన ఆ గణితంతోనే ఇప్పుడు సముద్రంలో తప్పిపోయిన మనుషులను వెతుకుతున్నారు. నా దగ్గర ఒక అబ్బాయి ఇంజన్ ఆగిన చేపల బోటు ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టాడు. గాలి, ప్రవాహం రెండూ పెట్టి చక్కటి నమూనా చేశాడు. ఈసారి నేనే వెనక బెంచీలో కూర్చుని, ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చూపించి రమ్మన్నాను. అక్కడ ఒక సరంగు తెర వైపు కాసేపు చూసి, "వల నీళ్లలో ఉందా, బోటులో ఉందా?" అని అడిగాడట. నీళ్లలో వల ఉంటే బోటును గాలి అంత తేలిగ్గా ఈడ్చలేదు. అబ్బాయి నమూనా మొత్తం మళ్లీ రాసుకున్నాడు. పేపరు అచ్చయ్యేటప్పుడు కృతజ్ఞతల్లో మీ పేరు వేస్తామంటే సరంగు వద్దన్నాడు, బోటు పేరు వేయమన్నాడు. అదే వేశాం.