నీలి లైటు కింద కృష్ణుడి ముఖం

ప్రశ్న: మా ఊరి తిరునాళ్ళలో కురుక్షేత్రం పద్యనాటకం ఫొటోలు తీశాను. ఈసారి స్టేజీ నిండా ఎల్‌ఈడీ పార్ లైట్లే (డబ్బాల్లాంటి రంగుల స్టేజీ లైట్లు). చాలా ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు పడ్డాయి. రాయబారం సీనులో కృష్ణుడి ముఖం కన్నూ ముక్కూ తెలియకుండా నీలిముద్ద అయిపోయింది. షట్టర్ 1/1000 (సెకనులో వెయ్యో వంతు) పెట్టి, చప్పుడు కాకూడదని సైలెంట్ మోడ్‌లో తీశాను. ఇంకా మంచి లెన్సు కొనమంటారా?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: లెన్సు డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఆ రాత్రి అవే చారలు వచ్చేవి.

పాత హాలోజన్ లైటులో ఫిలమెంటు వేడెక్కి వెలుగుతుంది. కరెంటు హెచ్చుతగ్గులైనా ఆ వేడి వెంటనే చల్లారదు కాబట్టి వెలుగు దాదాపు నిలకడగా ఉంటుంది. ఎల్‌ఈడీకి ఆ ఓపిక లేదు, కరెంటు ఆగితే అదీ ఆరిపోతుంది. లైటాయన వెలుగు తగ్గించినప్పుడు చాలా ఎల్‌ఈడీలు నిజంగా మసకబారవు. సెకనుకు వందల సార్లో వేల సార్లో ఆరి వెలుగుతుంటాయి, ఆరి ఉండే సమయం పెరిగేకొద్దీ మన కంటికి మసకగా తోస్తుంది. సైలెంట్ మోడ్‌లో మామూలు కెమెరా సెన్సరు (వెలుగును ఫొటోగా మార్చే పలక) మొత్తాన్ని ఒక్కసారే చదవదు, వరుస తర్వాత వరుస చదువుతూ పోతుంది. లైటు ఆరిన క్షణంలో వంతు వచ్చిన వరుసలు నల్లబడ్డాయి, అంతే.

కాబట్టి సైలెంట్ మోడ్ తీసేయండి. మైకులో హార్మోనియం మోగుతుంటే మీ షట్టర్ చప్పుడు వినేదెవరు? షట్టర్ 1/100కి దించండి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు దానితో పాటు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 1/100లో ఒక పూర్తి చుట్టు పడుతుంది కాబట్టి వెలుగు సమమవుతుంది. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (మినుకు చూసుకుని సరైన క్షణంలో ఫొటో తీసే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి, కానీ చాలా కెమెరాల్లో అది 100, 120 హెర్ట్జ్ మినుకులనే పట్టుకుంటుంది. అంతకన్నా వేగంగా ఆరి వెలిగే లైట్లకు నెమ్మది షట్టరే దిక్కు.

1/100లో చెయ్యి ఊపితే చెదిరిపోతుందనే కదా మీ భయం? పద్యనాటకం ఈ విషయంలో మనకు అనుకూలం. నటుడు చివరి పాదం రాగం తీసేటప్పుడు చెయ్యి పైకెత్తి అలాగే నిలబడతాడు, వన్స్‌మోర్ పడితే మళ్ళీ అదే భంగిమ. మొదటిసారి చూసుకోండి, రెండోసారి నొక్కండి. చెక్కభజన లాంటి వాటికి ఈ సదుపాయం లేదు, అక్కడ 1/200, 1/250 దాకా వెళ్ళి రెండు మూడు ఫొటోలు తీసి చారలు వస్తున్నాయేమో చూసుకోవాలి.

ఇక నీలిముద్ద. సెన్సరులో సగం పిక్సెళ్ళు ఆకుపచ్చవి, పావు భాగం ఎరుపువి, పావు భాగం నీలివి. స్వచ్ఛమైన నీలి ఎల్‌ఈడీ కింద ఆ పావు వంతే గట్టిగా పనిచేస్తుంది, మిగతావాటికి వెలుగు సరిగా అందదు. ఆటో ఎక్స్‌పోజర్ ఇది చూసి స్టేజీ చీకటిగా ఉందనుకుని వెలుగు ఇంకా పెంచుతుంది. దాంతో నీలి నిండిపోయి ముఖంలో వివరాలు కొట్టుకుపోతాయి. మీ కృష్ణుడికి మేకప్ కూడా నీలమే కదా, ఇక చెప్పేదేముంది!

మాన్యువల్‌లో పెట్టి, మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) కాకుండా మూడు రంగులు విడిగా చూపించే హిస్టోగ్రామ్ చూడండి. నీలి గీత కుడి గోడకు తగిలిందంటే ఒకటి, ఒకటిన్నర స్టాపు తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). కెమెరా తెరమీద ఫొటో చీకటిగా కనిపించినా పరవాలేదు. రా ఫైలులో (సెన్సరు చూసింది చూసినట్టు దాచే ఫైలు) తీయండి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో వదలకండి. అప్పటికీ ముద్దగానే ఉంటే నలుపు తెలుపులోకి మార్చేయండి, ఆ కిరీటానికీ మీసకట్టుకీ అదే బాగుంటుంది.

నన్నడిగితే వీటన్నిటికన్నా పెద్ద ఉపాయం లైటాయనతో మాట్లాడటం. మైక్ టెస్టింగ్ వేళకే వెళ్ళి, ఒక టీ ఇప్పించి, ‘అన్నా, ముందు పార్లలో నీలంతో పాటు కొంచెం తెలుపు కలుపు’ అనండి. వాటిలో తెల్ల ఎల్‌ఈడీ కూడా ఉంటే అది ఆయనకు ఒక మీట జరిపినంత పని. వెనకాల ఎల్‌ఈడీ తెర ఉంటే దాని వెలుగు కూడా సగానికి తగ్గించమనండి. తెరలో పడే చారలూ అలలూ నటుడి మీద ఫోకస్ పెట్టి అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిస్తే చాలావరకు మసకలో కలిసిపోతాయి.

ప్రశ్న: సురభి వారి నాటకం చూశాను. పొగ రాగానే ఫోన్ ఫోకస్ తప్పుతోంది. ఫ్లాష్ వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: వద్దమ్మా. పొగ మీద ఫ్లాష్ పడితే ఫొటోలో తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, నటుల కళ్ళకూ ఇబ్బంది. 1885లో మీ జిల్లా సురభి గ్రామంలోనే కీచకవధతో మొదలైన నాటక సమాజం అది, వాళ్ళ పొగా మాయలూ హడావిడి లేకుండా చూడాల్సినవి. పొగ రాకముందే నటుడి మీద వేలు కాసేపు నొక్కి పెట్టి ఫోకస్ లాక్ చేసుకోండి. ఫోన్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్ 1/100 చాలు. పొగలో లైటు కిరణాలు బాగా కనిపించాలంటే లైటు నటుడి వెనక నుంచి వచ్చేలా పక్క సీట్లలో కూర్చోండి.