కిరాయి ఆపేసిన టెనెంట్: ముందు కరెంటు బిల్లు చూడండి

మీరేమో పుణెలో, ఫ్లాటేమో కూకట్‌పల్లిలో, రెండు నెలలుగా కిరాయి లేదు, అడిగితే అడ్వాన్సులో సర్దుకోమంటున్నాడు, కరెంటు కట్ చేయించనా అన్నారు. ఆ పని మాత్రం చేయకండి. కరెంటు ఆపినా, తాళం మార్చినా కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

హైదరాబాద్‌లో అడ్వాన్సు మామూలుగా రెండు నెలలదే కాబట్టి అది ఇప్పటికే అయిపోయినట్టు, ఖాళీ చేసినప్పుడు పెయింటింగ్‌కి పైసా మిగలదు. సర్వీస్ నంబరు కొట్టి కరెంటు బకాయి ఆన్‌లైన్‌లో చూడండి (మీటరు మీ పేరు మీదే ఉంటుంది కదా), అసోసియేషన్ వాళ్లకి ఫోన్ చేసి మెయింటెనెన్స్ సంగతీ కనుక్కోండి. అవి కడుతూ కిరాయి ఒక్కటే ఆపితే నిజంగానే ఇబ్బందిలో ఉన్నాడేమో, వాట్సాప్‌లో ఫలానా తేదీకి ఇస్తానని రాయించుకుని ఆగొచ్చు. అవీ ఎగ్గొడుతుంటే ఇక మొహమాటం వద్దు, లాయరుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి. అగ్రిమెంటులో వేరే గడువు రాసుకోకపోతే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు, అప్పటికీ కదలకపోతే కోర్టే.

ఈసారి కిరాయికి ఇచ్చేముందు వచ్చేవాడి పాత ఓనరుతో మాట్లాడండి, కిరాయి వెయ్యి తగ్గినా సరే నమ్మకస్తుడికే ఇవ్వండి. మంచివాడు దొరికితే ఒకటో తారీఖునే ఫోన్‌పే మోగుతుంది, కారే ట్యాపుకి వాషరు కూడా వాడే వేయించుకుంటాడు.