ఇది మీ నాన్నతో చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టు

చిట్టితల్లీ,

నువ్వు అమెరికాలో కాలేజీ టీముకి ఆడుతున్నావని మీ ఊరి కార్ల డీలరు నీ ఫొటోతో యాడ్ వేస్తానన్నాడట, డబ్బులు కూడా ఇస్తాడట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గుంటూరులో మేం కాలేజీ టీముకి ఆడితే దక్కింది అరటిపళ్లూ, ఒక సర్టిఫికెట్టూ. ఎండలో నల్లబడిపోతున్నానని ఇంట్లో ఆ ఆట కూడా మాన్పించారు. అందుకే వినగానే ఎంత గర్వమో, ఆ వెనకే అంత టెన్షన్.

2021 జులై దాకా యాడ్‌కి డబ్బు తీసుకున్న పిల్లల్ని, అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఆడనిచ్చేది కాదు. రూలు మారిన రోజే కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడే కావిండర్ కవలలు బూస్ట్ మొబైల్ అనే ఫోన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. బాస్కెట్‌బాల్ స్టార్ కెయిట్లిన్ క్లార్క్ అంతటిదానికి 2024లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లే. చాలామంది అమ్మాయిలకి కాలేజీ రోజులే సంపాదించుకునే రోజులు, మొహమాటపడకు.

మీ కాలేజీలో ఆటల రూల్సు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి ముందే చెప్పు. వచ్చినదాంట్లో మూడో వంతు ముట్టుకోకు, టాక్స్ నువ్వే కట్టుకోవాలి, డబ్బుకి బదులు వస్తువు ఇచ్చినా అదీ ఆదాయమే.

ఒరేయ్ తమ్ముడూ, ఇక్కడ దాటేయకుండా చదువు. మీ నాన్న అమెరికా వచ్చేముందు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి బాండు రాసిచ్చాడు. చదివావా అంటే "మన జిల్లావాళ్లే అక్కా" అన్నాడు. తీరా వచ్చాక ప్రాజెక్టు లేదు, జీతం లేదు, వేరే ఉద్యోగం దొరికి మారేసరికి లాయరు నోటీసు. మధ్యలో మానేస్తే పదివేల డాలర్లు కట్టాలని లోపలెక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఎవరికీ చెప్పకుండా క్రెడిట్ కార్డు మీద వాయిదాలు కట్టాడు, బిల్లు చూసి మీ అమ్మ నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. వాణ్ణి బాగా తిట్టాను. కానీ ఆ డబ్బంతా కడుతూ కూడా నువ్వు పుట్టిన రోజున ఆసుపత్రంతా స్వీట్లు పంచాడు, పిచ్చివెధవ.

కాబట్టి ప్రతి పేజీ చదువు. నీ ఫొటో శాశ్వతంగా వాడుకుంటామంటే ఒప్పుకోకు, ఎన్నాళ్లో రాయించు. మోకాలికి దెబ్బ తగిలి ఆడలేకపోతే ఏంటో అడుగు. రేపు ప్రొఫెషనల్ ప్లేయర్ అయ్యాక జీతంలో వాటా అడిగితే లేచి వచ్చెయ్. ఫ్లోరిడా ఫుట్‌బాల్ కుర్రాడు జెర్వాన్ డెక్స్టర్ 2022లో 4,36,485 డాలర్లు తీసుకుని, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వచ్చే సంపాదనలో 15 శాతం 25 ఏళ్లపాటు రాసిచ్చేశాడు, తర్వాత కోర్టుకెక్కాడు.

టీములో స్టూడెంట్ వీసా పిల్లలుంటే నిన్ను చూసి సంతకాలు పెట్టొద్దని చెప్పు, వాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడగాలి.

కాగితాలు రాగానే ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. యాడ్ రోజున మాత్రం జుట్టు కాస్త దువ్వుకుని వెళ్లు.

మీ అత్త